తాడు ఉన్న చివరి కారు

మా పాతకార్ల క్లబ్బు ఆదివారం షికారుకు బందరు నుంచి కోడూరు బయల్దేరింది. ఆగిపోయిన బండిని లాగే తాడు చివరి కారులో ఉండాలన్నది క్లబ్బు ఆచారం. ప్రెసిడెంటుగారు నా ఫియట్‌ను చివర నిలబెట్టి, అందరి ముందూ, "తాడు నీ దగ్గరే ఉండనీ బావా, ఎలాగూ నీకే కావాలి" అన్నారు. అందరూ నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను.

చల్లపల్లి దాటగానే ఆయన టాపులేని విదేశీ కారు ఆగిపోయింది. ఎంతో బాధపడుతూ తాడు కట్టాను.

మోపిదేవిలో మెకానిక్ షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. నేను మాత్రం గుడి వీధిలోకి తిప్పాను. భక్తులు దారిచ్చి, వెనక స్టీరింగు పట్టుకు కూర్చున్న ఆయన్ని తీరిగ్గా చూశారు.

"ఎక్కడికి బావా?" అని ఆయన కేక.

"మొక్కుందండీ. మూడు ప్రదక్షిణలు."

మూడోది పూర్తయ్యాక లెక్క తప్పానేమోనని అనుమానం వచ్చింది. ఇంకొకటి చేశాను.