ఆకు వక్క తీసుకున్నాక

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. ఇంట్లో వాళ్లకు చెప్పలేను, వాళ్ల దృష్టిలో నేను మంచిదాన్ని. కలిసి పనిచేసినవాళ్లకు అసలే చెప్పలేను, వాళ్లకు నేను ఇంకా మంచిదాన్ని. మీరెవరో నాకు తెలీదు, నా పేరు మీకు అక్కర్లేదు, అందుకని మీకు చెప్పడం సులువనుకున్నాను. తీరా రాయడానికి కూర్చున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఒక మనిషికి చూపు పోయింది. పూర్తిగా కాదు, కానీ ఆమె బతుకుతెరువు పోయేంతగా పోయింది. ఆమె పేరు మస్తానమ్మ. పుంగనూరులో గాజులు అమ్మేది. అందులో నా పాత్ర ఉంది. ఎంత ఉంది? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నది అదే. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు ఎంతో కొలవబోయినప్పుడల్లా ఒకసారి చిటికెడుగా, ఒకసారి తట్టెడుగా కనిపిస్తుంది.

డెబ్బైల చివర్లో సంగతి. బయటి నుంచి వచ్చిన డాక్టర్ల బృందం ఒకటి మదనపల్లెలో అద్దె ఇల్లు తీసుకుని టీబీ మందుల మీద పరిశోధన మొదలుపెట్టింది. ఆ జబ్బుకు అప్పట్లో ఏడాదికి పైగా సూదులు, మాత్రలు. దానికి బదులు కొత్త మాత్ర కలిపి ఇస్తే తక్కువ కాలంలో నయమవుతుందా అని చూడటం వాళ్ల పని. నేను మదనపల్లెలోనే కాలేజీ చదువు ముగించి ఖాళీగా ఉన్నాను. తెలుగు, ఇంగ్లీషు వచ్చు, దక్కనీ ఉర్దూ వింటే అర్థమవుతుంది. ఇళ్లకు వెళ్లి రోగులను పరిశోధనలో చేరడానికి ఒప్పించడం, మందు సరిగా వేసుకుంటున్నారో లేదో చూడటం నా ఉద్యోగం. పెద్ద డాక్టరు తమిళాయన. తెలుగులో ఆయనకు "దగ్గు", "బాగుందా" తప్ప ఇంకేమీ రాదు.

చేరేవాళ్లకు ఏం చెప్పాలో ఆయన మాకు బాగా నేర్పించాడు. తప్పును అన్యాయంగా ఆయన మీదికి తోయలేను. ఇది పరీక్ష అని చెప్పమన్నాడు. ఒంట్లో ఏ ఇబ్బంది వచ్చినా, ముఖ్యంగా కంటిచూపులో తేడా వస్తే, ఆ రోజే తనకు తెలియజేయమన్నాడు. చివరగా, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చని, మానుకున్నా పాత వైద్యం జరుగుతుందని చెప్పమన్నాడు.

మొదట్లో అన్నీ చెప్పాను. ఆ చివరి మాట దగ్గరే వచ్చింది చిక్కు. "మానుకోవచ్చు" అనగానే జనం మొహాలు మారిపోయేవి. మంచి మందైతే ఎవరైనా మానుకోమంటారా? కొందరు తలుపు వేసుకునేవారు. కొందరు చేరి, నాలుగు రోజులు మింగి, నేను వచ్చే రోజున ఊళ్లో లేకుండా పోయేవారు. మా ఆఫీసులో అందరికన్నా ఎక్కువ మంది జారిపోయింది నా ఏరియాలోనే. నాకు పౌరుషం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే, ఓడిపోతే అన్నం సహించదు.

తంబళ్లపల్లె వైపు ఒక వేరుశనగ రైతు నాకు దారి చూపించాడు. ముసలాయన. నేను చెప్పిందంతా విని, భార్యతో ఆకులూ వక్కలూ తెప్పించి నా చేతిలో పెట్టి, "ఇట్ల ఊరికే అడిగితే ఎట్లమ్మా, ఇది ఇచ్చి అడుగు" అన్నాడు. అడిగాను. అందుకున్నాడు. ఆ తర్వాత ఒక్క మాత్ర కూడా తప్పలేదు. ఇదెందుకు నాకు ముందే తట్టలేదు అని నన్ను నేనే తిట్టుకున్నాను. మా వైపు ఆకు వక్క ఇచ్చి అడిగితే, ఎదుటివాళ్లు అందుకుంటే, ఇంక మాట అయిపోయినట్టే. పెళ్లికైనా అంతే, పొలం బేరానికైనా అంతే. తీసుకున్నాక వెనక్కి తగ్గితే ఊళ్లో తలెత్తుకోలేరు. హిందువులైనా, ముస్లింలైనా ఆ పట్టింపు ఒకటే.

అప్పటి నుంచి నా సంచిలో తమలపాకులు ఉండేవి. జనం సంతోషంగా అందుకునేవారు. ఆఫీసు మనిషి వచ్చి మర్యాదగా అడిగింది కదా అని. మరి ఆ చివరి మాట? అది ఏ రోజున నా నోటి నుంచి జారిపోయిందో నిజంగా నాకు తెలీదు. ఒక చేత్తో ఆకు వక్క ఇచ్చి, ఇంకో చేత్తో "ఎప్పుడైనా మానుకోవచ్చు" అంటే నవ్వరా? రెండూ ఒకచోట ఇమడవు. నేను దాచానా, లేక చోటు లేక అదే పోయిందా? వాళ్ల ఆచారాన్ని గౌరవించాననే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆచారాన్ని గౌరవించానో, ఆచారంతో వాళ్ల కాళ్లు కట్టేశానో చెప్పలేకపోతున్నాను. నా ఏరియాలో జారిపోవడం ఆగిపోయింది. పెద్ద డాక్టరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఎలా సాధించావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మస్తానమ్మను ఆ రోజుల్లోనే చేర్చాను. భర్త లేడు, కూతురిని కుప్పంలో ఇచ్చింది. గాజుల మలారం భుజాన వేసుకుని వీధులు తిరిగేది. గొప్ప మాటకారి. నా చేయి పట్టుకుని, "మొగోళ్ల సెయ్యి మాదిరి ఉండాదే, ఈ సేతికి గాజులు ఎక్కించేదానికి నేను తప్ప ఎవురూ పనికిరారు" అని నవ్వేది. ఆకు వక్క అందుకున్నప్పుడు కళ్లకద్దుకుంది. కొత్త మాత్ర ఆమెకు బాగా పనిచేసింది. దగ్గు పోయింది, ఒంటికి కండ పట్టింది. నన్ను చూస్తే చాలు, టీ తాగకుండా కదలనిచ్చేది కాదు.

ఒకరోజు మా అక్క సీమంతానికి ఆకుపచ్చ గాజులు కావాలన్నాను. నా చేతికే వేసి చూపించింది. చూసుకుంటే ఆకుపచ్చవాటి మధ్యలో రెండు ఎర్రవి ఉన్నాయి. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వాటిని తీసి, గడప దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. కొన్నాళ్లుగా రెండు రంగులూ ఒకటిగానే కనిపిస్తున్నాయని, మనుషుల మొహాలు కూడా మబ్బుగా ఉన్నాయని మెల్లగా చెప్పింది. మాత్ర వల్లనేమో, కొన్నాళ్లు ఆపితే తప్పా అని అడిగింది. వయసు మీద పడుతోంది, అది చత్వారం, అందరికీ వచ్చేదే అన్నాను. ఆకు వక్క తీసుకున్నాక మధ్యలో ఆపితే ఎలా అని కూడా అన్నాను. ఆమె సిగ్గుపడింది. ఏదో చేయరాని పని చేయబోయి దొరికిపోయినట్టు తల దించుకుంది.

కంటిచూపు గురించి డాక్టరు చెప్పింది నాకు ఆ క్షణంలో గుర్తొచ్చిందా? రాలేదనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు మదనపల్లె బస్సులో దారి పొడవునా నేను ఆలోచించింది దాని గురించే. గుర్తు రానిదాని గురించి ఎవరైనా అంతసేపు ఆలోచిస్తారా? చెబితే మాత్ర ఆపేస్తారు. ఆపితే నా ఏరియాలో ఒకరు తగ్గుతారు. ఇంత చిన్న కారణమా అని మీరు అనుకుంటారు. నేనూ అనుకుంటాను. ఇంకో కారణం కూడా ఉంది, అది అబద్ధం కాదు. మధ్యలో మందు మానేసినవాళ్లు రక్తం కక్కుకుని పోవడం నా కళ్లారా చూశాను, ఆమె కూడా అలా పోతుందని భయపడ్డాను. అయితే మానుకున్నా పాత వైద్యం ఉంటుంది కదా. అది నాకు తెలుసు. ఆమెకు తెలీదు. ఎందుకు తెలీదంటే, నేను చెప్పలేదు కాబట్టి. ఎటు తిరిగినా మళ్లీ అక్కడికే వస్తాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక కమిటీ వచ్చింది. ఇలాంటి పరీక్షల్లో జనానికి అన్యాయం జరగకుండా చూడటమే వాళ్ల పని. వాళ్లు వస్తున్నారనగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. వాళ్లలో నెరిసిన జుట్టావిడ ఒకరు పుంగనూరులో మేం మందులిచ్చే చోటికి వచ్చి, రోగులతో తానే మాట్లాడతానంది. ఆవిడకు తెలుగు రాదు. మధ్యలో నేను. వరసలో మస్తానమ్మ ఉంది.

ఇష్టం లేకపోతే మానుకోవచ్చని ఆమెకు తెలుసా అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో అడిగాను. ఉన్నదున్నట్టే అడిగాను.

మస్తానమ్మ నా వైపు వింతగా చూసింది. "అదేందమ్మా, నువ్వే అట్ల అడగతాండావు? నీ సేతుల మీదనే కదా ఆకు వక్క తీసుకునింది. ఇంక మానుకునేది యాడుండాది?"

"ఆమె మానుకోదలచుకోలేదు అంటోంది" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఒంట్లో ఇబ్బంది ఏమైనా ఉందా అని ఆవిడ అడిగింది. అదీ తెలుగులో అడిగాను.

"కండ్ల సంగతి నీకు సెప్పినా కదమ్మా. పచ్చవీ ఎర్రవీ తెలిసేది లేదు. ఆయమ్మకు నువ్వే సెప్పు, నాకేం మాట్లాడేది వస్తాది?"

"ఏ ఇబ్బందీ లేదంటోంది" అన్నాను.

ఆవిడ తృప్తిగా నవ్వి మస్తానమ్మకు చేతులు జోడించింది. మస్తానమ్మ కూడా జోడించింది. బయటికి వెళ్తూ నా చేయి పట్టుకుని, "సెప్పినావు కదమ్మా?" అంది. చెప్పాను అన్నాను. "మంచిదమ్మా" అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వరకూ కమిటీ అక్కడే ఉంది. నేను వాళ్లకు టీలు కూడా అందించాను. తేలు కుట్టిన దొంగ అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత కూడా మాత్ర ఆగలేదు. ఆమె గోడ పట్టుకుని నడుస్తూ రావడం పెద్ద డాక్టరే చూశాడు. కళ్లు పరీక్ష చేసి, ఆ క్షణమే మాత్ర ఆపించి పాత మందులు రాశాడు. మొదట్లోనే ఆపి ఉంటే చూపు చాలావరకు తిరిగి వచ్చేదన్నాడు. ఈమె నీకేమీ చెప్పలేదా అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. లేదు సార్ అని తల అడ్డంగా ఊపాను. మస్తానమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఇంగ్లీషు ఆమెకు రాదు. తల ఊపడం కనిపించిందా? ఆ మబ్బులో నా తల అటూ ఇటూ కదిలింది తెలిసిందా? ఒకవేళ తెలిసి ఊరుకుందేమో. నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు.

చూపు కొద్దిగా తిరిగొచ్చింది. గాజుల రంగులు పట్టేంత రాలేదు. మలారం ఎవరికో ఇచ్చేసి కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పరిశోధన కూడా ముగిసింది. ఆ కొత్త మందుతో ఎందరో బాగుపడ్డారని తర్వాత విన్నాను. నిజమే అయి ఉంటుంది. ఆ మాట విన్నప్పుడు సంతోషపడాలో ఏడవాలో తెలియక లేచి వంటింట్లోకి వెళ్లాను.

ఎనభైల్లో ఒకసారి ధైర్యం తెచ్చుకుని కుప్పం వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. గొంతు వినగానే గుర్తుపట్టింది. మనవరాలిని పిలిచి, పక్కింటి వాళ్లను పిలిచి, "నన్ను బతికించిన అమ్మ ఈమేనే" అని చూపించింది. వాళ్లు చాప వేశారు, టీ ఇచ్చారు. అదీ అబద్ధం కాదు. టీబీ పోయింది, ఆమె బతికింది. నేను బతికించిన మనిషి, నేను చూపు పోగొట్టిన మనిషి, ఒకే మనిషి నా ముందు కూర్చుని ఉంటే నేను ఏ మాటతో మొదలుపెట్టాలి?

వాళ్లంతా వెళ్లాక ఆమే ఎత్తింది ఆ సంగతి.

"ఆ పొద్దు వచ్చినాది సూడు, తెల్లెంటికల ఆయమ్మ. నువ్వు సెప్పింది ఆయమ్మకు సరిగ్గా తెలిసినట్టు లేదమ్మా. నేనే ఇంకా గట్టిగా సెప్పుంటే బాగుండు. తప్పు నాదే."

నోరు తెరిచాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆమె నా వైపే మొహం పెట్టి, నేనేం అంటానా అని ఎదురుచూస్తోంది.

"కావచ్చు మస్తానమ్మా" అన్నాను.

అక్కడి నుంచి బస్టాండు దాకా ఎలా నడిచానో తెలీదు. మళ్లీ వెళ్లలేదు. ఆమె పోయిందని చాలా కాలం తర్వాత ఎవరో చెప్పారు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీకు లేదు, అది ఉన్న ఆవిడ ఇప్పుడు లేదు. రాస్తుంటే మాత్రం గొంతులో ఏదో కొంచెం కదిలింది. ఆ రోజు ఆమె అన్న ఆ ఒక్క మాటనైనా సరిచేయనివ్వండి. మస్తానమ్మ గట్టిగానే చెప్పింది. అందరికీ వినబడేలా, తెలుగులో, స్పష్టంగా చెప్పింది. నేనే చెప్పలేదు.