పోపు డబ్బాల కింద గ్రీకు పేపరు

పాస్టర్లను తయారుచేసే ఆ శిక్షణ శాల ఖమ్మం చివర, ఖానాపురం హవేలి వైపు ఒక కిరాయి ఇంట్లో ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో భద్రాచలం అడవి పల్లె నుంచి వచ్చి చేరాను. పొద్దున మొదటి గంట ప్రాచీన గ్రీకు. బైబిలు కొత్త నిబంధనను మొదట రాసిన భాష అది. ఆ గంటలో మగవాళ్లకు పాఠం, ఆడవాళ్లం ముగ్గురికీ వంటపని. ఆ నియమం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే కొట్టేయమని అడిగేదాన్ని.

వంటగది కిటికీ తరగతిలోకే తెరుచుకునేది. బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నాను. చేటలో నూకలు పరిచి వేలితో అక్షరాలు దిద్దాను. లూఓ, లూఏస్, లూఏ. విప్పుతాను, విప్పుతావు, విప్పుతాడు. క్రియ చివర చూస్తే చేసేదెవరో తెలుస్తుంది, తెలుగులోలాగే. లోపలివాళ్లు ఇంగ్లిషు పుస్తకం ముందేసుకుని తికమకపడేవారు. ఇంట్లో వేరే భాష మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకున్నదాన్ని. ఇంకో భాషంటే నాకు భయం లేదు.

పరీక్ష ముందు, నన్నూ రాయనివ్వమని అయ్యగారిని అడిగాను. గ్రీకు చెప్పేది ఆయనే, మధిర అవతలి ఊరాయన.

"నీకెందుకమ్మా గ్రీకు? పిల్లలకు పాటలు నేర్పడానికి తెలుగు చాలదా?"

"రాస్త అయ్యగారూ. తప్పయితే సున్నా ఎయ్యుండ్రి."

"సిస్టరు గ్రీకుల ఉప్మా చేస్తదంట!" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. అందరూ నవ్వారు. అయ్యగారూ నవ్వారు. ఆ ఒక్క నవ్వే గుర్తుంది నాకు.

మూడోసారి అడిగితే సరే అన్నారు. లోపల చోటు లేదని గుమ్మం దగ్గర పీట వేశారు. పీట మీదే రాశాను. పాసవ్వాలని కూడా కాదు, నా పేపరు దిద్దాలి, అంతే.

ఫలితాలు గోడకు అంటించారు. నా పేరు లేదు. ప్రతి సోమవారం వెళ్లి అడిగాను.

"ఇంకా ఆ పేపరేనా తల్లీ? ఎక్కడో పోయింది."

సెలవులకు ముందు వంటగది అరలు కడిగే వంతు నాది. పోపు డబ్బాలు దించితే, కింద పరిచిన కాగితాల మీద నా చేతిరాత. పసుపు మరకలున్నాయి, నూనె ఉంది. ఎర్ర సిరా చుక్క లేదు.

"పెద్దమ్మా, ఇదెక్కడిది?" అని, మాకు వంటపని పురమాయించే వంటామెను అడిగాను.

"అయ్యగారే ఇచ్చిండు బిడ్డా, పరుసుకోమని. నీదా ఏంది?"

"అవ్, నాదే."

అన్నం తింటున్న అయ్యగారి ముందు పెట్టాను. "ఇప్పుడు దిద్దితే ఏమొస్తుందమ్మా?" అని మజ్జిగ కలుపుకున్నారు. ఆ బియ్యంలో రాళ్లేరింది నేనే.

ఆ మధ్యాహ్నం పుస్తకం తెచ్చుకుని నేనే దిద్దుకున్నాను. రెండు తప్పులు. రెండింటికీ మార్కులు కోసేశాను. నా సర్టిఫికెట్‌లో గ్రీకుకు ఎదురుగా మాత్రం చిన్న గీత గీసి ఇచ్చారు.

మా ఊరికి తిరిగొచ్చాను. పిల్లలకు పాటలు నేర్పుతున్నాను, తెలుగులో.