కంచరపాలెం గేటు దగ్గర తాళాలు తిప్పే దొరబాబు

ఆగిన బండిలో ఇంజను కొట్టుకుంటూ ఉంటే దొరబాబుకి ఒంటికి దురదగొండాకు రాసినట్టుండేది. కంచరపాలెం రైల్వే గేటు పడడం ఆలస్యం, తన ఆటో దిగి, ఖాకీ చొక్కా చేతులు మడిచి, వరసలో ఉన్న బండ్లన్నిటి తాళాలూ తిప్పి ఇంజన్లు ఆపేసేవాడు. స్కూటరు, లారీ, పోలీసు జీపు అన్న తేడా లేదు.

"ఏటి బావా, నా బండి నాను ఆపుకోలేనా?" అని లారీ డ్రైవర్లు కళ్ళెర్రజేసేవారు.

"ఆపుకుంటే నానెందుకొత్తాను? పొగతో ఆకాశానికి దుప్పటి కప్పేత్తన్నావు. అసలే వైజాగు ఉక్క. మళ్ళీ దుప్పటొకటా?"

ఒకసారి సిగ్నలు లేక గేటు దగ్గరే ఆగిపోయిన గూడ్సు ఇంజను వైపు కూడా కదిలాడు. పైనున్న డ్రైవరు ఈయన్ని చూసి హడలిపోయి, సిగ్నలు రాకుండానే ఎలమంచిలి దాకా తోలుకుపోయాడు. నమ్మనివాళ్ళు ఎలమంచిలి వెళ్ళి అడగొచ్చు.

ఈ తాళాల గొడవ అందరికన్నా ఎక్కువ తగిలింది నాగవంశీకి. అతనిది ముసలి డీజిల్ ఆటో. ఒకసారి ఆపితే బ్యాటరీ మళ్ళీ లేవదు. అందుకే పొద్దున్న కూర్మన్నపాలెంలో స్టార్టు చేశాడంటే టీ తాగినా, భోంచేసినా ఇంజను కొట్టుకోవాల్సిందే.

"నా కడుపు కొడతన్నావు బావా!"

"ఆపినోడే తోత్తాడు. కూకో."

గేటు లేవగానే దొరబాబు వెనక్కి పోయి భుజం ఆనించి తోసేవాడు. లోపలున్న ఆడవాళ్ళు సంచులు ఒళ్ళో పెట్టుకుని ముసిముసిగా నవ్వేవారు.

"నామీదే ఏటి నీకు పగ?"

"పగేటి? అందరివీ ఆపతన్నాను కదా!"

గేటు పక్కనే నాగవంశీ తల్లి అప్పాయమ్మ ఎండు నెత్తళ్ళ చేపల తట్ట పెట్టుకుని అమ్మేది. కొడుకు ఆటో వచ్చిందంటే కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది. కన్నతల్లి కూడా నవ్వుతోందని నాగవంశీకి మరింత మండేది.

ఒకరోజు దొరబాబు మేనకోడలి పెళ్ళికి ఎలమంచిలి వెళ్ళాడు. గేటు పడింది. నాగవంశీ రాజాలా కాలు మీద కాలేసుకున్నాడు. అతని ఇంజనూ, చుట్టూ లారీల ఇంజన్లూ పోటీపడి పొగ కక్కుతున్నాయి. పక్కనించి తెరలు తెరలుగా దగ్గు వినిపించింది. చూస్తే, అప్పాయమ్మ తట్ట నెత్తికెత్తుకుంటోంది.

"బేరాల వేళ ఎక్కడికే అమ్మా?"

"దొరబాబు రానేదు కదరా. ఈ పొగలో నావల్ల కాదు. ఈ సోటు ఎప్పుడో ఒగ్గేసేదాన్ని, ఆడే నన్నాపాడు."

"నాకు సెప్పొచ్చు కదా!"

"సెప్తే బండి ఆపేత్తావు. ఆపితే అది లెగదు. నీ బేరం పోద్దని ఆడినీ సెప్పొద్దన్నాను. 'నీ కొడుకు బండొక్కటే ఆపితే ఆడికి అనుమానమొత్తాది అత్తా, అందరివీ ఆపేత్తాను' అన్నాడు."

నాగవంశీ చెయ్యి చాపి తన బండి తాళం తనే తిప్పేశాడు. కంచరపాలెం చరిత్రలో ఇలాంటిది అంతకు ముందెన్నడూ జరగలేదు. ఆ తరవాత ముందున్న లారీ మెట్టెక్కి లోపలికి చెయ్యి పెట్టాడు.

"ఎవడివిరా నువ్వు?"

"దొరబాబు సెలవు. ఇయ్యాల డ్యూటీ నాది."

దొరబాబు తిరిగొచ్చేసరికి నాగవంశీ ఆటోలో కొత్త బ్యాటరీ ఉంది. ఆ మాట చెప్పాలనీ, దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాలనీ నాగవంశీ గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు, ఇంతలో గేటు లేచింది. దొరబాబు అలవాటుగా వెనక్కొచ్చి, అరచేతుల్లో ఉమ్ముకుని, ఒక్క ఊపున తోశాడు. ఆటో అప్పటికే స్టార్టయి కదిలిపోయింది. దొరబాబు గాలిని తోసుకుంటూ వెళ్ళి నెత్తళ్ళ తట్ట ముందు బోర్లాపడ్డాడు.

నాగవంశీ ఆటో పక్కకి తీసి, ఇంజను ఆపి మరీ పరుగెత్తుకొచ్చాడు.

"బ్యాటరీ ఏసినట్టు సెప్పాలి కదరా బావా!"

"నువ్వు నాకు సెప్పావేటి?"

లేవదీసి దుమ్ము దులిపాడు గానీ, పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. వెనక బండ్ల హారన్లు మోగిపోతున్నాయి. అప్పాయమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా పడీపడీ నవ్వింది. మధ్యలో ఒక్క దగ్గు కూడా రాలేదు.