అంతోనమ్మ నున్నటి గడ్డం

పినపాక అంగన్‌వాడీ టీచర్ అంతోనమ్మకు నలభై దాటినా పెళ్లి కాలేదు, గడ్డం మాత్రం మొలిచింది. పిల్లలకు పాటలు చెప్పేటప్పుడూ చీర చెంగు చుబుకం మీదే ఉండేది. రేజరుతో గీస్తే గాట్లు పడేవి, సాయంత్రానికల్లా మళ్లీ గరుకు తేలేది. చివరికి మణుగూరు పోయి ఓ షాపులో కరెంటు షేవర్లు చూపించమంది. "సార్ గడ్డం గట్టిదా, మెత్తదా అక్కా?" అన్నాడు షాపతను. "గట్టిదే," అంది లేని మొగుడి తరఫున. "అయితే సార్‌నే తోలుకొని రారాదు?" అని అతను నవ్వితే, తల వంచుకుని బ్లేడు మీద సన్నటి జాలీ ఉన్నది ఎంచుకుంది.

ఆదివారం గడియ పెట్టుకుని, చర్మం లాగిపట్టి, వెంట్రుకలకు ఎదురుగా నెమ్మదిగా నడిపింది. ఒక్క గాటు పడలేదు. వేళ్లతో తడిమి తడిమి మురిసిపోయింది. చెంగు నడుముకు దోపుకుని చర్చికి పోయింది. పూజ అయ్యాక గుమ్మం ముందు తమ్ముడి భార్య అక్సా ఆమె చుబుకం పట్టుకుని అందరూ వినేలా అంది: "అబ్బ, ఎంత నున్నగ గీసుకున్నవ్ వదినా! మీ తమ్మునికి గూడ జర నేర్పరాదు?" ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. అంతోనమ్మ కూడా నవ్వింది. నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగిన ఫాదర్‌ను చూశాకే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.