మూడు సెకన్ల ఇమ్మానుయేలు

బాన్సువాడ బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఇమ్మానుయేలు వీడియో స్టూడియో ఉండేది. దానికి బోర్డు మీద ఓ ఇంగ్లీషు పేరు రాయించాడు గాని, ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. అందరూ "ఇమ్మానేలు దుకాణం" అనేవారు. యూరియా వాసన పట్టకుండా పెళ్లికూతురు ఇంటికి క్యాసెట్ చేరిన దాఖలా లేదు.

తొంభై నాలుగులో అతని దగ్గర ఉన్నది భుజాన మోసే పాత కెమెరా. పెద్ద క్యాసెట్ పట్టేది. ఎత్తుకుంటే వడ్ల బస్తా ఎత్తుకున్నట్టు ఉండేది. సినిమాలు చూసి చూసి జనానికి అప్పటికే స్లోమోషన్ పిచ్చి పట్టింది. పెళ్లి వీడియో మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు ఛాయ్ తాగుతూ మొదట అడిగే మాట అదే.

"స్లోమోషన్ ఉన్నదా అన్నా?"

కెమెరాలో లేదు. కానీ లేదంటే పార్టీ బోధన్ స్టూడియోకి పోతుంది. అందుకని ఇమ్మానుయేలు "ఉన్నది" అనేవాడు. "గాకపోతే మీరు జర సహకరించాలె."

ఆ సహకారం ఏమిటో పెళ్లినాడు తెలిసేది. పెళ్లికొడుకు కారు దిగి నడవవలసింది మామూలుగా కాదు, బెల్లం పాకంలో పడిన చీమలాగా. పెళ్లికూతురు తల తిప్పి చూడాలంటే అన్నం ఉడికినంత సేపు పట్టాలి. ఇమ్మానుయేలు భార్య మహేశ్వరి లైటు పట్టుకుని పక్కన నిలబడి "ఒక్కటీ... రెండూ..." అని లెక్కపెట్టేది. ఆ లెక్క ప్రకారం కాలు లేవాలి, ఆ లెక్క ప్రకారమే దిగాలి. మనుషులు నిజంగానే సహకరించేవారు. పెద్దపెద్ద పటేళ్లు కూడా మీసం దువ్వుకోవాలంటే ఆమె రెండు అనేదాకా ఆగేవారు.

సహకరించనివి మిగతా ప్రాణులు. రుద్రూరులో ఒక పెళ్లిలో వధూవరులు దండలు మార్చుకోవడానికి నిమిషమున్నర తీసుకున్నారు. దండ ఎత్తిన పిల్లకి చేతులు నొప్పి పెట్టాయి కూడా. అంతా బ్రహ్మాండంగా వచ్చిందనుకుంటే, వాళ్ల వెనక నుంచి ఓ కుక్క లడ్డూల గిన్నెలో మూతి పెట్టి, ఒకటి అందుకుని, కుక్క వేగంతోనే ఉడాయించింది. నిజామాబాద్‌లో మిక్సింగ్ చేసినాయన ఆ చోట గులాబీ పువ్వు బొమ్మ వేశాడు. పువ్వు చిన్నదైంది. తోక బయటే ఉండిపోయింది.

ఇట్లా పదమూడేళ్లు గడిచాయి. రెండు వేల ఏడులో ఇమ్మానుయేలు హైదరాబాద్ పోయి ఒక చిన్న టేపు కెమెరా తెచ్చాడు. పాతదే, ఎవరో వాడి అమ్మినది. కానీ దాని పక్కన ఒక మీట ఉంది. నిజమైన స్లోమోషన్ మీట. కెమెరాతో వచ్చిన పుస్తకం అంతా ఇంగ్లీషు. పదో తరగతి పాసైన మహేశ్వరి డిక్షనరీ ముందు పెట్టుకుని రెండు రోజులు చదివింది.

"మూడు సెకన్లే తీస్తదట," అని తేల్చింది. "గా మూడింటినే సాగదీసి పన్నెండు సెకన్లు టేపు మీద రాసుకుంటదట. రాసుకునేటప్పుడు ఇంకేం తియ్యదట."

"ఎందుకు తియ్యది?"

"నువ్వు బువ్వ తినుకుంట మాట్లాడుతవా?"

"మాట్లాడుత."

"అది మాట్లాడది."

ఆ సాయంత్రం ఆమె మిద్దె మీద తడి చీర దులుపుతుంటే ఇమ్మానుయేలు మీట నొక్కాడు. తర్వాత ఇద్దరూ టీవీలో చూశారు. చీర పాములా వంగి లేచింది. కొసల నుంచి నీటి చుక్కలు ఒక్కొక్కటే వేరుపడి, గుండ్రంగా, తీరిగ్గా, ఎక్కడికీ తొందర లేనట్టు ప్రయాణం కట్టాయి. పదమూడేళ్లుగా తను తీసిందంతా ఏమిటో ఇమ్మానుయేలుకి అప్పుడర్థమైంది.

మహేశ్వరి చుక్కల్ని చూడలేదు. "నా నోరు గట్ల తెరుసుకొని ఉంటదా?" అంది.

అక్కడి నుంచి ఇమ్మానుయేలు మనిషి కాకుండా పోయాడు. బర్రె చెవి విదిలించడం తీశాడు. నిజాంసాగర్ గేట్లు ఎత్తితే బస్సెక్కి పోయి నీళ్లు తీశాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు చేతులెత్తి స్తుతి చెప్పడం తీశాడు. పన్నెండు సెకన్లలో పాస్టరుగారి కింది దవడ నెమరు వేస్తున్నట్టు ఎడమకి పోయి, కుడికి వచ్చింది. కల్మషం లేనివాడు గనక ఇమ్మానుయేలు దాన్ని పాస్టరుగారికే చూపించాడు. తర్వాతి ఆదివారం ప్రసంగం వినయం లేని విశ్వాసుల గురించి సాగింది. పాస్టరుగారు దాన్నంతా పెదవులు కదిలీ కదలనట్టు చెప్పారు.

మరుసటి ఎండాకాలం ముత్తెన్న పటేలు బిడ్డ శ్రీలత పెళ్లి కుదిరింది. ముత్తెన్నది కాలువ కింద ముప్పై ఎకరాల వరి. పెళ్లి బాన్సువాడ ఫంక్షన్ హాల్లో.

"నీ కొత్త కెమెరాల నిజం స్లోమోషన్ ఉన్నదట గదా," అన్నాడు ముత్తెన్న. "ముహూర్తం దాంట్లనే తియ్యాలె. అక్షింతలు పూలలెక్క పడుతుండాలె."

"గట్లనే తీస్త పటేలా. మీరేం సహకరించే పని లేదు."

ముహూర్తం పొద్దున పదిన్నరకి. జీలకర్ర బెల్లం పెట్టించి అయ్యగారు సైగ చేశాడు. బాజాలు ఒక్కసారి గుప్పుమన్నాయి. రెండు వందల చేతులు లేచాయి. ఇమ్మానుయేలు ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. సరిగ్గా అదే క్షణాన పెళ్లికొడుకు మేనమామ ఎవరో అక్షింతలు విసరడానికి వెనక నుంచి ముందుకు దూకి, మోచేత్తో ఇమ్మానుయేలు పక్కలో పొడిచాడు. కెమెరా వధూవరుల మీద నుంచి జారి ఆడవాళ్ల వరస మీదికి తిరిగింది. మూడు సెకన్లు అయిపోయాయి. తెర మీద, రాసుకుంటున్నానని చెప్పే అక్షరాలు మిణుకుమిణుకుమన్నాయి.

అయ్యగారికి ఇంకో పెళ్లి ఉన్నట్టుంది. జీలకర్ర బెల్లం తడి ఆరకముందే పుస్తె అందించాడు. పెళ్లికొడుకు అఖిలేశ్ చేతివేగం గలవాడు. ఇమ్మానుయేలు మీటలన్నీ నొక్కాడు, కెమెరాని అరచేత్తో కొట్టాడు, ప్రభువుని తలచుకున్నాడు. అది తాపీగా రాసుకుంటూనే ఉంది.

"అయిపాయె," అంది మహేశ్వరి లైటు దించి. "మూడు ముళ్లు పడ్డయి."

సంగతి తెలిసి ముత్తెన్న ముఖం ఇటుక రంగుకి తిరిగింది. "అయ్యగారూ, ఇంకొక్కసారి కట్టిపిద్దాం," అన్నాడు.

"విప్పి కడితే అది రెండో పెండ్లి అయితది పటేలా," అన్నాడు అయ్యగారు. "మొదటి పెండ్లి ఏమైందని అడుగుతరు."

శ్రీలత తలెత్తకుండానే అంది: "నాయినా, నా మెడ ఇప్పటికే గుంజుతుంది. నేను మల్ల వంగ."

చివరికి ఫోటోలు తీసే సాయన్న దగ్గర పుస్తె కట్టిన ఫోటో ఒకటి ఉందని తేలింది. వీడియోలో ఆ జాగాలో దాన్ని పెట్టాలని ఒప్పందమైంది. ముత్తెన్న ఇమ్మానుయేలు వైపు ఎంతసేపు చూశాడంటే, మీట నొక్కితే కూడా అంతసేపు రాదు.

వారం తర్వాత స్టూడియోలో టేపు వేసుకుని చూస్తుంటే మహేశ్వరి కేక వేసింది. "ఏమయ్యా! గిది జూడు."

దారి తప్పిన ఆ మూడు సెకన్లలో ముత్తెన్న తల్లి సత్యమ్మ, మేనత్త ముత్తవ్వ ఉన్నారు. వీళ్లిద్దరూ వదినా ఆడబిడ్డలు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఒకప్పుడు ఏదో ఫంక్షన్‌లో సత్యమ్మ చేసిన సకినం కొరికి, ముత్తవ్వ పదిమందిలో "గీ సకినం ఇరగాలంటే గొడ్డలి దేవాలె" అంది. ఆ రోజు నుంచి ఒకే గోడకి అటూ ఇటూ ఉంటూ, ఏదైనా చెప్పవలసి వస్తే బర్రెకి చెప్పినట్టు చెప్పుకునేవారు.

తెర మీద సత్యమ్మ అక్షింతల చెయ్యి మనవరాలి వైపే లేచింది. సగం దాకా ఎత్తాక కళ్లు నెమ్మదిగా కుడివైపుకి జరిగాయి. కళ్ల వెంటే మణికట్టు తిరిగింది. పిడికిలి విచ్చుకుంది. పసుపు గింజలు తేనెటీగల దండులా బయల్దేరాయి. ఎదురుగా ముత్తవ్వ, దీవించడానికి నోరు తెరిచి ఉంది. మొదటి గింజ పంటికి తగిలింది. రెండోది నాలుక మీద దిగింది. మూడోది కంట్లో. రెప్ప మూసుకుంటుంటే బుగ్గ మొత్తం అలలా కదిలింది. ఇక చిట్టచివర, సత్యమ్మ పెదవుల మీద ఒక చిరునవ్వు ఈ చెంప నుంచి ఆ చెంపదాకా నడుచుకుంటూ పోయింది.

మామూలు వేగంలో ఇది ఎవరి కంటా పడలేదు. పన్నెండు సెకన్లలో మాత్రం కోర్టులో నిలబడే సాక్ష్యం.

"కోసెయ్," అంది మహేశ్వరి.

ఇమ్మానుయేలు మళ్లీ వేసి చూశాడు. మళ్లీ వేశాడు. "గింత సక్కటి షాటు బతుకుల మల్ల రాదే."

"తన్నులు సుత మల్ల రావు. గిప్పుడే అన్నీ ఒక్కపారి అస్తయి."

"ముహూర్తానికి నా దగ్గర ఉన్నదే గిది. గిది గూడ తీసేస్తే పటేలుకేం జూపియ్యాలె? సాయన్న ఫోటోనా?"

తీయలేదు. సన్నాయి పాట పెట్టి మరీ ఉంచాడు.

డీవీడీ తీసుకుని ముత్తెన్న ఇంటికి వెళ్లిన రోజు హాలంతా చుట్టాలు. సత్యమ్మ దివాన్ మీద, ముత్తవ్వ గుమ్మం దగ్గర కుర్చీలో, ఇద్దరి మధ్య తొమ్మిదేళ్ల దూరం. ఇమ్మానుయేలు చెప్పులు విప్పలేదు. ఉరకాల్సి వస్తే పనికొస్తాయని గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆ చోటు వచ్చింది. సన్నాయి మోగింది. గింజలు బయల్దేరాయి.

సత్యమ్మ చిరునవ్వు తెర మీద అంతకంతకూ వెడల్పవుతుంటే, దివాన్ మీది సత్యమ్మ ముఖం అంతకంతకూ కుదించుకుపోయింది. ముత్తవ్వ లేచి నిలబడింది. బర్రెతో కాదు, సూటిగా మనిషితోనే మాట్లాడింది.

"వదినా! గా గింజ కండ్లవడి రెండ్రోజులు దవాఖానకు దిరిగిన."

"గింజనే గదా," అంది సత్యమ్మ. "నీ మాట తొమ్మిదేండ్ల సంది గుచ్చుతనే ఉన్నది."

"ఏం మాట?"

"గొడ్డలి."

"నా పన్ను ఇరిగింది వదినా! జూడు!"

"నీ పన్ను అంతకు ముందే ఇరిగింది! చెరుకు నమిలి ఇరగ్గొట్టుకున్నవ్!"

అక్కడ మొదలైన తగువు మధ్యాహ్నం దాకా సాగింది. అన్నాలు వడ్డించినా ఆగలేదు. తింటూ తిట్టుకున్నారు, చేతులు కడుక్కుంటూ తిట్టుకున్నారు, ఎవరి పాన్ వాళ్లు కట్టుకుంటూ ఒకరి పెళ్లి నాటి సంగతులు ఒకరు తవ్వుకున్నారు. చూస్తుండగా ముత్తెన్న ముఖంలో కోపం పోయి అయోమయం దిగింది. మెల్లిగా ఇమ్మానుయేలు దగ్గరికొచ్చాడు.

"నిన్ను తిట్టాల్నో, మొక్కాల్నో సమజైతలేదు రా," అన్నాడు. "తొమ్మిదేండ్ల సంది గీ ఇంట్ల వీళ్లిద్దరి గొంతు ఒక్కతాన వినలే."

ఇమ్మానుయేలు ఏ సంగతీ తేలకముందే చెప్పులతో సహా జారుకున్నాడు.

ఊళ్లో ఈ కథ గుప్పుమంది. పెళ్లిళ్లలో ఇమ్మానుయేలు కెమెరా ఏ వరస వైపు తిరిగితే ఆ వరస మొత్తం నోళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, బడిలో ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు నిలబడడం మొదలుపెట్టింది. అక్షింతలు వేసేవాళ్లు ఎవరి మీద వేస్తున్నారో నలుగురికీ కనిపించేలా వేసేవారు. "మూడు సెకన్ల ఇమ్మానేలు" అనే పేరు అట్లా వచ్చింది. బేరాలు కొంత తగ్గాయి. అతనికది పట్టలేదు. తనకి కావలసింది వరసల్లో దొరకనప్పుడు వంటల దగ్గరికి పోయి నూనెలో గారె పొంగడం తీసుకునేవాడు.

సంవత్సరం తిరిగేసరికి శ్రీలతకి కొడుకు పుట్టాడు. తొట్టెల ఫంక్షన్‌కి, అంటే బారసాలకి, రెండు రోజుల ముందు ముత్తవ్వ యూరియా బస్తాల మధ్య నుంచి మెట్లెక్కి స్టూడియోకి వచ్చింది. తలుపు దగ్గరేసింది.

"కొడుకా, ఎల్లుండి నేను సైగ చేస్త. గప్పుడు నొక్కు. మా వదిన దిక్కు పెట్టి నొక్కు. ఎవ్వలకు చెప్పకు."

ఇమ్మానుయేలు తల ఊపాడు. ఆమె వెళ్లిపోయాక మహేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వసాగింది.

"ఏందే?"

"పొద్దుగాల నువ్వు లేనప్పుడు సత్యమ్మవ్వ అచ్చి పోయింది. గిదే మాట. ఆమెది సుత రాసుకున్న."

"ఒక్క కెమెరా, మూడు సెకన్లు! ఎవ్వలది తియ్యాలె?"

"నడిమిట్ల నిలబడు," అంది మహేశ్వరి. "నేను లైటు వట్టుకుంట."

తొట్టెల నాడు ఇమ్మానుయేలు ఉయ్యాల పక్కన నిలబడ్డాడు. అటు సత్యమ్మ, ఇటు ముత్తవ్వ, ఇద్దరి పిడికిళ్లలోనూ మామూలు కంటే ఎక్కువే అక్షింతలు. అయ్యగారు పిల్లవాడి చెవిలో పేరు చెప్పి, దీవెన చదవడానికి లేచి నోరు తెరిచాడు. ముత్తవ్వ ముక్కు గోక్కుంది. సత్యమ్మ దగ్గింది. రెండూ సైగలే. ఇమ్మానుయేలు మీట నొక్కాడు.

ఆ షాటు అతను ఆఖరిదాకా ఎవరికి పడితే వాళ్లకి చూపించేవాడు. రెండు వైపుల నుంచి రెండు పసుపు మబ్బులు లేస్తాయి. ఉయ్యాల మీదుగా, నిద్రపోతున్న పిల్లవాడి మీదుగా, ఒకదానికొకటి ఎదురొస్తాయి. సరిగ్గా అవి కలిసేచోట అయ్యగారి ముఖం ఉంటుంది, మంత్రం మధ్యలో, నోరు బార్లా తెరుచుకుని.

అయ్యగారు ఆ తర్వాత ముత్తెన్న ఇంటికి పిలిస్తే, ముందు "ఇమ్మానేలు అస్తుండా?" అని అడిగి గాని ఒప్పుకునేవాడు కాదు.