అమ్మే బండికి ఏ ఆయిలైతేనేం

కోపమొస్తే మా నాయన మాట్లాడడు. నాకొస్తే వీధి చివరి ఇంటిదాకా వినపడుతుంది. అందుకే మా ఇద్దరి పోట్లాటల్లో తప్పెప్పుడూ నాదేనని గిద్దలూరులో మా వీధి వీధంతా ఎప్పుడో తీర్మానించేసింది. ఆయిల్ గొడవలోనూ అంతే జరిగింది.

నాయన బాడుగ కారు నడిపేవాడు. తెల్లటి డీజిల్ కారు. నంద్యాల ఆసుపత్రులకు, మార్కాపురం పెళ్ళిళ్ళకు, క్రిస్మస్ కూటాలకు, ఎవరు పిలిస్తే వాళ్ళకు పోయేవాడు. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది కూడా ఆయనే, సరదాకి. లైసెన్సు మాత్రం నేను సరదాకి తీసుకోలేదు. ఇంతలో ఆయన కంటి నరం ఎండిపోతోందనీ, పక్కనుంచి వచ్చేది కనపడదనీ, ఇక బండి నడపొద్దనీ నంద్యాల కంటి డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి తాళంచెవి మేకుకు తగిలించి, "బండి అమ్మేద్దాం" అన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాడు.

"నేను నడుపుతా గదా నాయనా" అన్నాను మర్నాడు. అప్పటికే పొద్దున పూట టీచర్లను ఎక్కించుకుని అర్ధవీడు వైపు బడుల దగ్గర దించి వస్తున్నాను.

"అది చదును రోడ్డు. మనకు కూడు పెట్టేది నంద్యాల బాడుగలు. నల్లమల ఘాటు రోడ్డు నీవల్ల కాదులే" అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తిట్టలేదు, జాలిగా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొనకనమిట్ల వైపు నుంచి ఒకాయన వచ్చి బండి చూసుకుని, మిరపకాయలు అమ్ముడుపోగానే వస్తానని చెప్పిపోయాడు. ఆ బండి పోతే ఇంట్లో నాయన ఎట్లా ఉంటాడో నాకు తెలుసు. నేనేం చేయాలో మాత్రం తెలియదు. మళ్ళీ మార్కాపురం పోయి ఎవరి దుకాణంలోనో నిలబడి సెల్‌ఫోన్లకు గాజు రేకులు అంటించుకోవాలా?

సరిగ్గా అప్పుడే ఆయిల్ మార్చే సమయం వచ్చింది. మురికి నూనెతో బండిని ఇంకొకరి చేతిలో పెట్టడం నాయనకు నచ్చదు, అమ్మేదైనా సరే. ఎప్పుడూ పోసే మామూలు ఆయిల్ డబ్బా ఒకటి తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. నేను మార్కాపురంలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయి, సింథటిక్ పోయిస్తే ఎట్లా ఉంటుందని అడిగాను. అతను బండి కిందికి దూరి, ఎక్కడా కారడం లేదని చూసుకుని బయటికి వచ్చాడు.

"రెండూ మంచివేలే అక్కా. బండి పుస్తకంలో ఏ గ్రేడు రాసుంటే ఆ గ్రేడు తప్పకుండా ఉంటే చాలు. మామూలుది తొందరగా మార్చాల. సింథటిక్ ఎక్కువ దూరం వస్తాది, ఎండకూ ఘాటుకూ తట్టుకుంటాది. రేటు మాత్రం రెట్టింపు. ఇంతకీ బండి ఇంకా ఎన్నాళ్ళు పెట్టుకుంటారు? అది చెప్పు, ఏది పోయాల్నో నేను చెప్తా."

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంటే అంతదూరం ఎందుకు పోతాను! అయినా మొండిగా సింథటిక్ డబ్బానే కొనుక్కొచ్చాను. టీచర్లను తిప్పిన డబ్బులే, నావే.

"అమ్మే బండికి ఇదెందుకు పాపా?" అన్నాడు నాయన డబ్బా చేత్తో తడుముతూ.

"అమ్మని బండికి."

నాయన డబ్బా నా ముందుకు జరిపాడు. మూత తీయమన్నాడు. సీలు చించి ఇచ్చాను. బొటనవేలికి కాస్త రాసుకుని చూపుడువేలితో నలిపి, వాసన చూశాడు. ఆయిల్ మంచిదో చెడ్డదో ఆయన అట్లాగే తేలుస్తాడు. "నీళ్ళలెక్క ఉండాది. ఇంజన్ తాగేస్తాది" అని చెయ్యి గుడ్డకు తుడుచుకున్నాడు.

ఇక నేను ఊరుకుంటానా? అరుగు మీదికి వచ్చి, వీధిలో పోయేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ సింథటిక్ గొప్పలు చెప్పడం మొదలుపెట్టాను. ఈ నూనె చెడిపోదు, ఎన్నాళ్ళు తిప్పినా పోసినట్టే ఉంటుంది అన్నాను. డీజిల్ ఇంజన్లో ఏ నూనె పోసినా నాలుగు రోజులకే నల్లబడుతుందని అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పలేదు. వాదనలో ఉన్నప్పుడు అంత వివరం ఎవరిస్తారు?

మా ఇంటి వెనక గొర్రెలు మేపే మామ ఉన్నాడు. చుట్టం కాదు, అయినా నాకు మామే, నాయనకు బావే. మా బండి ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత నూనె ఆయనది. గొర్రెల దొడ్డి గుంజలకు చెదలు పట్టకుండా పూస్తాడు. పాత నూనెను, కొత్తది పోయగా ఖాళీ అయిన డబ్బాలోకే వంచి, గోడ పక్కన పెడతాం. ఆయన వచ్చి పట్టుకుపోతాడు. ఎన్నో ఏళ్ళుగా ఇదే పద్ధతి.

మర్నాడు మధ్యాహ్నం నాయన బండిని కాసేపు వేడిచేయించి, దొడ్లో కడప బండల మీదికి ఎక్కించి, కింద బేసిన్ పెట్టి బోల్టు విప్పాడు. చూపు తగ్గినా ఆ బోల్టు ఎక్కడుందో ఆయన వేళ్ళకు తెలుసు. చివరి బొట్టుదాకా కారనివ్వాలంటాడు. అందుకని బండిని అట్లాగే వదిలేసి అన్నానికి కూర్చున్నాం. నేను నా డబ్బాను గోడ పక్కన పెట్టి వచ్చాను. ఏ నూనె పోయాలన్నది ఇంకా తేలలేదు. అన్నం తిన్నాక తేలుద్దాం అనుకున్నాను.

"బావా, నూనె తీసుకపోతాండా!" బయటనుంచి కేక.

"తీసుకపో బావా!" పప్పన్నం నోట్లో పెట్టుకుంటూ నాయన.

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు! నేను అన్నం తిని, గిన్నెలన్నీ కడిగి బయటికొచ్చేసరికి బేసిన్లో నల్లనూనె అట్లాగే ఉంది. గోడ పక్కన నా డబ్బా లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. గొర్రెల దొడ్డి చుట్టూ గుంజలు ఎండలో నిగనిగలాడుతున్నాయి. మామ పాత పంచె ముక్కతో ఆఖరి గుంజకు పూస్తున్నాడు. నన్ను చూసి మొహం ఇంత చేసుకున్నాడు.

"ఏం నూనె పాపా ఇది! నువ్వు చెప్పింది నిజమే. అన్నాళ్ళు బండి తిరిగినా నెయ్యిలెక్క ఉండాది!"

"అయ్యో మామా! అది కొత్త నూనె! పోసేదానికి తెచ్చిన నూనె!"

"మరి చెడిపోదని నువ్వే గదమ్మా నిన్న అరుగు మీద చెప్పినావు? నల్లగా లేదేందబ్బా అని నేనూ ఒక్క గడియ ఆలోచించినా. పాప చెప్పింది గదా, ఇట్లనే ఉంటాది కాబోలు అనుకున్నా."

ఏమనాలి ఇక? తిడదామంటే నా మాట నమ్మినందుకు తిట్టాలి. నోరు పెగల్లేదు, నాకే! ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఇంటికొచ్చి సంగతి చెబితే నాయన మొదట ఊరికే విన్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత మంచం మీద కూలబడి, పొలమారేదాకా నవ్వాడు. డాక్టరు మాట చెప్పిన రోజు తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

"నవ్వొస్తాందా నాయనా?"

"మా బావ గుంజలకు ఇంక వందేండ్లు ఢోకా లేదు" అని మళ్ళీ మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ లేచి, మంచం కింది మామూలు ఆయిల్ డబ్బా బయటికి లాగాడు. పోయించాడు. ఇంకొకటి కొనడానికి నా దగ్గర అప్పుడు డబ్బుల్లేవు. గరాటులో నూనె దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. అమ్మే బండికి పోసే నూనె బండిలోకి పోయింది, అంతే, అయిపోయిందిలే అనుకున్నాను.

నాయనకు ఇంకో పద్ధతి ఉంది. ఆయిల్ మార్చిన మర్నాడు బండిని ఘాటు ఎక్కించి, ఇంజన్ మాట వినాలి. ఆ మర్నాడే నంద్యాలలో కంటి పరీక్ష కూడా పడింది. మామూలుగా ఆయన రైలుకు పోతాడు. నేను నడుపుతుంటే ఘాటులో కూర్చోడు. ఆ రోజు తెల్లారేసరికి స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"నీకోసం కాదు. ఇంజన్ వినాల" అన్నాడు.

"నీ ఇంజన్ నువ్వు వినుకో. నేను రోడ్డు చూసుకుంటా" అన్నాను.

దిగువమెట్ట దాటి నల్లమల ఎక్కడం మొదలైంది. మలుపు మలుపుకూ ఆయన కుడికాలు కింద లేని బ్రేకును తొక్కుతోంది. "గేరు దించు. హారన్ కొట్టు. కోతులుంటాయి, పైకి చూడబాక." నేను పళ్ళు బిగబట్టుకున్నాను. ఒక మలుపులో రాళ్ళ లోడు లారీ ఆగిపోయి ఉంది. దాన్ని తప్పించుకుని ఎదురుగా బస్సు దిగుతోంది. రెండింటికీ చోటు లేదు. వెనక్కి పోవాలి, వాలులో, ఒక పక్క లోయ.  నాయన ఏదో ఒకటి అంటాడని చూశాను. అనలేదు. తల కాస్త వంచి, ఇంజన్ మాట వింటున్నాడు. అద్దాలు చూసుకుంటూ అంగుళం అంగుళం వెనక్కి తీసి, కొండవారగా ఆపాను. బస్సు పోయింది. ఆ డ్రైవరు చెయ్యెత్తి పోయాడు. ఆ సంగతి నాయనకు చెబుదామనుకుని, నా గొప్ప నేనే చెప్పుకోవడమెందుకని మానేశాను. నాకది చిన్న సంగతి కాదు.

కంటి డాక్టరు ఈసారి కాస్త మంచిమాటే చెప్పాడు. పోయిన చూపు రాదు గానీ, చుక్కలమందు తప్పకుండా వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చన్నాడు. "బండి మాత్రం వద్దు పెద్దాయనా" అన్నాడు. నాయన తల ఊపాడు.

తిరుగు ప్రయాణంలో గాజులపల్లె దాటాక, నాయన ఏమీ అనడం లేదేమిటని పక్కకు చూశాను. నిద్రపోతున్నాడు! ఇంకొకరు నడిపే బండిలో కన్ను మూయని మనిషి, పెళ్ళి బస్సులో కూడా డ్రైవరు వెనక నిలబడి దారి చెప్పే మనిషి, నోరు తెరుచుకుని, తల కిటికీకి ఆనించి, హాయిగా నిద్రపోతున్నాడు. కాలు కదలడం లేదు. నాకు గుండె నిండిపోయింది. ఘాటంతా ఆ నిద్ర చెదరకుండా, ఒక్క కుదుపు రానివ్వకుండా నడిపాను. అంత బాగా నేను అంతకుముందు ఎన్నడూ నడపలేదు.

గిద్దలూరు రాగానే లేచాడు. "నిద్ర పట్టిందా నాయనా?" అంటే, "నిద్రేంది? కండ్లు మూసుకోని ఇంజన్ వింటాండా" అన్నాడు. బజారులో ఆయిల్ దుకాణం ముందు ఆపమన్నాడు. దుకాణమాయన అలవాటు ప్రకారం మామూలు ఆయిల్ డబ్బా బల్ల మీద పెట్టాడు.

"అది కాదప్పా. ఎక్కువ దూరం వచ్చేది ఇయ్యి. సింథటిక్కు."

"నిన్ననే గదా నాయనా పోసినాం?" అన్నాను.

"ఈసారి మార్చినప్పటికిలే. ఉండనీ" అన్నాడు.

నాకు అర్థమైంది. అర్థమైనా నమ్మడానికి భయమేసింది. ఆయన ఫోను తీసి నా చేతికిచ్చి, కొనకనమిట్ల ఆయన నంబరు కలపమన్నాడు. కలిపి ఇచ్చాను.

"బండి అమ్మడంలేదప్పా... లేదు, లేదు, రేటు గురించి కాదు. డ్రైవరు దొరికినాది."

అవతలి మనిషి ఇంకేమేమో అడుగుతున్నాడు. నాకవేవీ వినపడలేదు. బజారు మధ్యలో, అందరి ముందూ, కారు తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. నాకు ఏడవడం కూడా మెల్లగా రాదు. నాయన ఫోను పెట్టేసి, డబ్బా చంకన పెట్టుకుని, బానెట్టు తడుముకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏడ్చేదంతా ఇక్కడనే ఏడ్చి ఎక్కు పాపా. స్టీరింగు కాడ కండ్లల్లో నీళ్ళు పెట్టుకుంటే ఎట్ల? మనిద్దర్లో ఒకరికన్నా రోడ్డు కనపడాల గదా."