మూత మీద నిప్పులు

మొన్న మా మనవరాలు కొవ్వూరులో రైలెక్కి, కొత్త వంతెన మీద గోదావరి దాటి, నన్ను చూడడానికి వచ్చింది. వస్తూ వస్తూ ఒక రేకుడబ్బా నిండా బిస్కట్లు తెచ్చింది. ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని వాసన చూశాను, తిరగేసి అడుగు చూశాను, రెండు ముక్కలు చేసి లోపలేముందో చూశాను, రాలిన పొడిని వేలికి అద్దుకుని వెలుతురుకి పట్టాను. "ఏం వెతుకుతున్నావు మామ్మా, అందులో తేలుందా ఏంటి?" అని అది పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనీ. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూడందే నాకు తోచదు. నా కొడుకు "భోంచేసి వచ్చానమ్మా" అంటే ఎవరింట్లో, ఏం కూర, ఎవరు వడ్డించారు అని అడగందే ఊరుకోను. పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఎక్కడికి పోతుంది? ఈ బుద్ధితోనే వెనకటికి ఒక ఇంటిని వీధిలో నిలబెట్టినంత పని చేశాను. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మాది గోదావరి సముద్రంలో కలిసేచోట వలలు వేసుకుని బతికే ఊరు. నన్నిచ్చింది మాత్రం ధవళేశ్వరంలో. ఆనకట్ట కట్టి అప్పటికే చాలా ఏళ్ళయింది. కాలవలూ లాకులూ చూసుకునే దొరల బంగళాలు అక్కడ ఉండేవి. మా మామగారు మా కులంలో పుట్టినవారే కానీ వల పట్టలేదు, గరిటె పట్టారు. చిన్నప్పుడే ఒక బంగళాలో చేరి దొరగారికి వంట చేసేవారు. మా ఆయన కాలవ పడవల మీద పని చేస్తూ పది రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. సంబంధం మంచిదే అన్నారందరూ, అంటూనే మొహమొహాలు చూసుకున్నారు. కాపరానికి పంపే రోజున మా అయ్య పడవ దాకా వచ్చి నన్ను పక్కకి పిలిచాడు. "చూడు అమ్మడూ, దొరలు ఆవుని తింటారు. ఆ వండే చెయ్యే ఇంట్లోనూ వండుద్ది. తినకూడనిది నీ నోట్లో పడిందని తెలిసిందా, మళ్ళీ మన గడప తొక్కొద్దు" అన్నాడు. కంటినిండా నీళ్ళు పెట్టుకునే అన్నాడు, కానీ అన్నాడు. పడవ కదిలింది. తింటే పుట్టిల్లు పోతుంది, తిననని గొడవ చేస్తే కాపరం పోతుంది. పదహారేళ్ళదాన్ని, ఆ రెండింటి మధ్యా నలిగిపోతూ ధవళేశ్వరం రేవులో దిగాను.

దిగిన మొదటి పూటే నా గుండె గుభేలుమంది. మా అత్త పొయ్యి మీద తపేలా పెట్టి, దాని మీద ఇత్తడి మూత పెట్టి, ఆ మూత మీద నిప్పులు పోసింది! నేను పుట్టి బుద్ధెరిగాక పొయ్యిలో మంట చూశాను కానీ మూత మీద మంట ఎక్కడా చూడలేదు. ఆ ఇంట్లో వంట అంతా అలాగే ఉండేది. పొద్దున్న చద్దన్నం, మావిడికాయ పచ్చడి అందరిలాగే తినేవారు. మధ్యాహ్నం చేపల పులుసు పక్కనే ఏదో తెల్లటి కూర, పసుపు లేదు, కారం లేదు, జబ్బు మనిషి మొహంలా పాలిపోయి ఉండేది. చారులాంటిదే కానీ చింతపండు వెయ్యని మిరియాల నీళ్ళని సూపు అనేవారు. అన్నంలో కలుపుకుందామంటే "అలా కాదే, ఉత్తదే తాగాలి" అనేది అత్త. చేపముక్కల్ని ముళ్ళు తీసి, ఉడికించి, మెదిపి, బిళ్ళలు చేసి వేయించేవారు. ఉన్న చేపని ఉన్నట్టు తినక మళ్ళీ ఆనవాలు పట్టకుండా ఎందుకు చేస్తున్నట్టు? దాచవలసిందేదో ఉంటేనే కదా ఆనవాలు చెరుపుతారు అనుకున్నాను.

ఒకరోజు అత్త ఒక గిన్నెలో పచ్చగా, మెత్తగా, కదిపితే వణికేది తెచ్చి నా ముందు పెట్టింది. చూడగానే జున్ను అని ఆశపడ్డాను. చెయ్యి చాపబోయి ఆగాను. ఇంట్లో గేదె లేదు, ఆవు లేదు. వీధిలో ఎవరిదైనా ఈనిందేమోనని నీళ్ళకి వెళ్ళే నెపంతో నాలుగిళ్ళూ తిరిగి కనుక్కున్నాను. ఎక్కడా ఏదీ ఈనలేదు. ఈనని ఊళ్ళో జున్నెక్కణ్ణుంచి వచ్చింది? గిన్నె తీసుకెళ్ళి పెరట్లో అరిటిచెట్టు మొదట్లో పోసి, ఆకు కప్పి వచ్చాను. "బాగుందా?" అని అత్త అడిగితే బాగుందన్నాను. మర్నాడు ఇంకా పెద్ద గిన్నె పెట్టింది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది కొట్టిన మాంసం. మామగారు బంగళా నుంచి వచ్చి కాలవలో మునిగి, తడి పంచె మార్చుకుని, అరుగు మీద కూర్చుని ఇవాళ అక్కడ ఏం చేశారో చెప్పేవారు. మర్నాడు అత్త మాంసం తెచ్చి, మొద్దు మీద కత్తితో టకటకా కొట్టి కొట్టి పిండిలా చేసి, ఉల్లిపాయా అల్లమూ కలిపి, పెనం మీద కాల్చేది. ఎముక కనిపిస్తే ఏ జంతువో నేను చెప్పగలను. పిండైపోయిన మాంసానికి ఊరూ పేరూ ఏముంటుంది? పైగా ఆ పళ్ళెం మీదికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వంగి, తలో ముక్కా తిని, కళ్ళు మూసుకుని, గుసగుసగా మాట్లాడుకునేవారు. నేను రాగానే ఆపేసేవారు. ఇంతలో ఒక తెల్లవారుజామున పెరటి కంచె దగ్గర కల్లు గీసేవాడు మా అత్త చేతికి కల్లుముంత ఇవ్వడం నా కళ్ళారా చూశాను. ఆవిడ అటూ ఇటూ చూసి, కొంగు కప్పుకుని, ముంతతో వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అయిపోయింది, ఇంక నాకు సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అలా రెండు నెలలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవకాయతో, మజ్జిగన్నంతో గడిపాను. కడుపులో బాగోలేదనేదాన్ని. పాపం అత్త శొంఠి కషాయం, వాము కషాయం కాచి గ్లాసులకి గ్లాసులు తాగించేది. పక్కింటావిడ నెల తప్పిందేమోనని ముసిముసిగా నవ్వింది. నేను చీపురుపుల్లలా అయిపోయాను. ఆఖరికి మా ఊరి వైపు వెళ్ళే పడవవాడితో కబురు పెట్టాను. "ఇక్కడి తిండి మంచిది కాదు, కల్లు కూడా నడుస్తోంది, వచ్చి నన్ను తీసుకుపొమ్మని మా అయ్యతో చెప్పు" అన్నాను.

అయ్య అయిదో రోజు పొద్దున్నే వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. అత్త కాళ్ళకి నీళ్ళిస్తే తీసుకోలేదు, తాగడానికిస్తే ముట్టుకోలేదు. మామగారు బంగళాకి బయల్దేరబోతున్నవారు ఆగిపోయారు. "నా పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చానండి బావగారూ" అని, నేను పెట్టిన కబురు అక్షరం వదలకుండా చెప్పాడు మా అయ్య. నేను తలుపు వెనక నిలబడి, నేల చీలితే బాగుండునని ఏడుస్తున్నాను. అత్త నావైపు ఒక్కసారి చూసింది. అరుగు మీద చాప పరిచి వంటింటి తలుపులు బార్లా తెరిచింది. "కూర్చోండి అన్నయ్యగారూ. మీ కళ్ళముందే వండుతాను. అనుమానమొచ్చినచోట ఆపి అడగండి" అంది.

అయ్య కూర్చున్నాడు. అత్త మేక తొడని ఎముకతో సహా తెప్పించి, ఆయన ముందే ఎముక తీసి, ఆయన ముందే కొట్టింది. కోడిగుడ్లు పాలలో గిలక్కొట్టి, పంచదార వేసి, నీళ్ళ గిన్నెలో పెట్టి ఉడికించింది. నేను అరిటిచెట్టు పాలు చేసిన జున్ను అదే! ఆఖరికి కల్లుముంత బయటికి తీసి, వడగట్టి, పిండిలో పోసి పిసికింది. "ఇది లేకపోతే రొట్టె పొంగదండి. ముంత పట్టుకుంటే చూసినవాళ్ళు నేను తాగుతానంటారని దాక్కుని తెచ్చుకుంటాను. దాక్కున్నా అన్నారు" అంది. పిండి నిజంగానే పొంగింది. దాన్ని తపేలాలో పెట్టి మూత మీద నిప్పులు పోసింది.

మా అయ్య అంతటితో లొంగలేదు. నాకీ బుద్ధి ఎవరినుంచి వచ్చిందనుకున్నారు? మామగారి వైపు తిరిగి, "మొహమాటం లేకుండా అడుగుతున్నానండి. బంగళాలో మీరు ఆవుమాంసం వండుతారా?" అన్నాడు.

"ఆయ్, వండుతానండి. నా ఉద్యోగం అది."

"మరి ఉప్పు చూడరా? ఉప్పు చూడకుండా వంట చేసేవాడు ఎక్కడన్నా ఉంటాడా అండి?"

మామగారు తల దించుకున్నారు. దొరికిపోయారు అనుకున్నాను. అత్త పెనం దించి లేచి నిలబడింది.

"అందుకేగదండీ ఈ ఇంట్లో ఇన్ని వంటలు! అక్కడ ఆయన ఏదీ నాలిక మీద పెట్టరు. ఆ గిన్నెలు వేరు, గరిటెలు వేరు అని ఏం ఉండదు, అందుకని మంచినీళ్ళు కూడా తాగరు. కొత్త వంట ఏది నేర్చుకున్నా ముందిక్కడ, ఇదిగో ఇలా మేక వేటమాంసంతో చేస్తాం. ఇద్దరం తిని చూస్తాం. వీశెడు మాంసానికి ఎంత ఉప్పు, ఎంత మిరియం అని కుదిరిందాకా చేస్తాం. ఆ కొలత పట్టుకెళ్ళి అక్కడ వేసేస్తారు. ఇన్నేళ్ళయిందండి, ఉప్పు చూడకుండా వండుతున్నాడని దొరగారికి ఈరోజుకీ తెలీదు. తెలిస్తే ఉంచుతారా? అందుకే ఇంట్లో కూడా గుసగుసగా చెప్పుకుంటాం."

ఏ కట్టుబాటు తప్పారని నేను రెండు నెలలు పస్తున్నానో, అది తప్పకూడదనే వాళ్ళు ఆ వింత వంటలన్నీ చేసుకుంటున్నారు. మా అయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "చెల్లెమ్మా, కాసిని మంచినీళ్ళిప్పించు" అన్నాడు. నీళ్ళు తాగి, కూర్చుని, కాల్చిన మాంసం మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. సూపు మాత్రం అన్నంలోనే కలుపుకున్నాడు. మామగారు మెల్లగా లేచి, ఆలస్యమైపోయిందంటూ బంగళాకి వెళ్ళారు.

అందరూ తిన్నాక అత్త నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. నా దండచెయ్యి పట్టుకుని చూసింది. "రెండు నెల్లబట్టి నా ఇంట్లో ఆకలితో పడుకుంటున్నావా? కడుపునొప్పి అబద్ధమా? అడిగితే చెప్పేదాన్ని గదే పిచ్చిమొహమా" అని తనే ఏడ్చింది. ఇద్దరం వంటింట్లో కూర్చుని ఏడ్చాం. ఆ తరవాత ఆవిడ కలిపి పెడితే నేను తిన్నాను. అంత తిండి నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

కొన్నేళ్ళకి అత్త పోయింది, వంటిల్లు నా చేతికొచ్చింది. ఆ ఏడే మామగారికి విషజ్వరం తగిలి, బతికి బయటపడ్డారు కానీ నాలికకి రుచి తెలియకుండా పోయింది. ఒకరోజు కాలవ స్నానం చేసి వచ్చి, పొయ్యి మీది కూర గరిటెలోకి తీసి నాకిచ్చారు. "నాకింక తెలీడం లేదమ్మా. నువ్వు చెప్పు, అదే వేస్తాను" అన్నారు. నేను తక్కువంటే ఇంకొంచెం వేసేవారు, సరిపోయిందంటే ఆ కొలత గుర్తుపెట్టుకుని వెళ్ళిపోయేవారు. ఆయన ఉద్యోగమంతా నా మాట మీద నడిచేది. ఒకసారి నాకు ఒంట్లో బాగోలేక నోరు చేదుగా ఉండి తప్పు చెప్పాను. ఆరోజు బంగళాలో ఆయన అందరి ముందూ మాటలు పడ్డారట. ఇంటికొచ్చి నాతో ఒక్క మాట అనలేదు, పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే గరిటె నాకే ఇచ్చి, నేను ఏమంటానా అని నిలబడ్డారు.

ఆయన చేతిని నేను రెండు నెలలు అనుమానించాను, నా మాటని ఆయన పోయేదాకా ఒక్కపూటైనా అనుమానించలేదు. నా అనుమానం తీరడానికి ఒక్క పూట పట్టింది కానీ, దానికి సిగ్గుపడడం మాత్రం, ఇదిగో ఈ వయసొచ్చినా, ఇంకా పూర్తి కాలేదు.